వేలెడు నీళ్ళు

తెల్లవారి అయిదింటికి లేచి రేణు మంచం మీదనుంచి కాళ్ళు నీళ్ళలోకి దించేది. స్టవ్వు ఎత్తు బండ మీద ఉండేది. బియ్యం మూట, రాగిపిండి డబ్బా అటక మీద. కూతురు ఉదయశ్రీ స్కూలు సంచి గోడకు కొట్టిన మేకుకు. హొసూరు దగ్గర, డ్యాం పక్కనున్న కెలవరపల్లిలోని ఆ ఇంట్లో నేల మీద పెట్టే వస్తువంటూ లేదు. ముద్ద కెలికి, పిల్లకు డబ్బా కట్టి, ఆరింటికి రోడ్డు మీదికి వచ్చే పాలీహౌస్ వ్యాను కోసం ఆమె నడిచి వెళ్తే, నీళ్ళు కూడా ఆమెతో నడిచేవి.

వేలెడు లోతు నీళ్ళు. ఆమె చుట్టూ పది బారల మేర పరుచుకుని ఉండేవి. గది చిన్నదైతే గదిలోనే సర్దుకునేవి. ఆమె కదిలితే కదిలేవి, కూర్చుంటే ఆగేవి. ఆమె దాటిపోయిన చోట నేల ఎప్పటిలా ఎండిపోయి ఉండేది. ఆమె మొగుడు యతీశ్ చనిపోయిన పదకొండో దినం, బంధువులంతా భోజనాలకు కూర్చున్నప్పుడు వచ్చాయవి. విస్తళ్ళు తడుస్తున్నాయని అందరూ లేచి, అరుగు మీదికి మారి తిన్నారు. అప్పటికీ ఇప్పటికీ రెండేళ్ళు.

ఊరు అలవాటు పడిపోయింది. వ్యానులో ఆడవాళ్ళు కుచ్చెళ్ళు పైకి దోపుకుని, కాళ్ళు సీటు మీదికి ముడుచుకునేవాళ్ళు. బేరిగై దగ్గర, ప్లాస్టిక్ కప్పు కింద గులాబీలు పెంచే ఆ పాలీహౌస్‌లో సూపర్‌వైజరు ఆమెను గులాబీలు కట్టలు కట్టే షెడ్డులో కాకుండా మడుల మధ్య కోతకు పెట్టాడు, అట్టపెట్టెలు తడవకుండా ఉంటాయని. రేషన్ అంగడిలో ఆమెను వరసకు చివర నిలబడమనేవాళ్ళు. మామ ఆంజప్ప మాత్రం సాయంత్రం ఆమె వచ్చే వేళకు గొర్రెలను తోలుకొచ్చి ఇంటి ముందు నిలబెట్టేవాడు. డ్యాం నీళ్ళు నురగ కట్టి, వాసన కొట్టి, గొర్రెలు మూతి పెట్టేవి కావు. కోడలు గడప మీద కూర్చుంటే ముప్ఫై గొర్రెలూ చుట్టూ చేరి తలలు వంచి తాగేవి. ఆ అరగంట ఇద్దరూ మాట్లాడుకునేది తక్కువ.

"అయిందా మామా?" అని ఆమె అడిగేది.

"అయిందమ్మా, లే" అనేవాడు.

రేణు పుట్టిల్లు జవళగిరి. తళి దాటినాక అడవి అంచున ఉండే ఊరు. దానికి ఉండేది ఒకటే రోడ్డు. ఆ రోడ్డు మీద, ఊరికి మూడు మైళ్ళ ఇవతల, రోడ్డు కింద వాన నీళ్ళు పోయే మోరీ దగ్గర మలుపులో యతీశ్ బండి జారి పడ్డాడు. ఏదో చిన్న మాటకు అలిగి పుట్టింటికి వెళ్ళిన రేణు, నాలుగో రోజున తనే ఫోన్ చేసి వచ్చి తీసుకుపొమ్మంది. అతను అప్పుడే షిఫ్టు దిగాడు. రేపు వస్తానన్నాడు. ఈ పొద్దే రావాలంది ఆమె. సంచి సర్దుకుని, ఊళ్ళో బస్సు నిలిచే చోట పొద్దు మునిగే దాకా నిలబడింది.

నీళ్ళు వచ్చినాక ఆమె మూడుసార్లు అమ్మను చూద్దామని బయల్దేరింది. మోరీ మలుపు దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు లోతయ్యేవి. ఆమె అక్కడ ఎంతసేపు ఉంటే అంత లోతు. మొదటిసారి బస్సు మలుపులో నిదానించిందో లేదో, అంతలోనే సీట్ల దాకా వచ్చి ఇంజను ఆగిపోయింది. కండక్టరు తల గోక్కుంటూ ఆమెను దిగిపొమ్మన్నాడు. ఒకసారి తమ్ముడు చంద్రు వచ్చి బైకు మీద తీసుకుపోయాడు. చక్రాలు సగం మునిగి అదీ ఆగింది. ఇంకోసారి నడిచే చూసింది. మోకాళ్ళు, నడుము, గుండెలు. ఆమెకు ఈత రాదు. వెనక్కి తిరిగింది. ఆ తర్వాత అమ్మ పాపక్కే రెండు నెలలకోసారి చిక్కుడుకాయలు మూట కట్టుకుని బస్సెక్కి వచ్చేది. కూతురి నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, కాయలు ఒలిచి, మరునాడు వెళ్ళిపోయేది.

ఉగాదికి ముందు పాపక్క గొడ్ల కొట్టంలో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ తట్టుకోదని డాక్టర్లు చెప్పారట. రేణుకు తెలిసేసరికి ఇంటికి తెచ్చి అరుగు మీద మంచం వేసి పడుకోబెట్టారు.

అప్పటికి పక్కింటి మిద్దె మీద గదిలో చక్రి అనే అతను అద్దెకుంటున్నాడు. ఇరవై ఆరేళ్ళవాడు. భీమిలి అవతల సముద్రం ఒడ్డున వాళ్ళ ఊరు. హొసూరులో ఒక ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పని. మూడేళ్ళయినా ఈ ఊరి గాలి అతనికి పొడిగానే ఉంది. అరంగుళం ప్లైవుడ్డు కోడిగుడ్డు ఆకారంలో కోసి, ముక్కు కొంచెం పైకి వంచి, వార్నిష్ పూసి, పైన కొవ్వొత్తి మైనం రుద్ది ఒక పలక చేసుకున్నాడు. అల వెనక్కి పోయేటప్పుడు ఇసక మీద పల్చగా నీళ్ళు మిగులుతాయి కదా, వాటి మీద పలకను పడేసి, పరిగెత్తి ఎక్కి, జారుకుంటూ పోవడం వాళ్ళ ఊళ్ళో ఆట. వచ్చిపోయే టూరిస్టులు దాన్ని స్కిమ్ బోర్డు అంటే వీళ్ళూ అదే పేరు పెట్టుకున్నారు.

ఆదివారాలు పలక చంకన పెట్టుకుని డ్యాం అంచుకు పోయేవాడు. అక్కడ ఇసక లేదు. బురద పలకను పట్టుకునేది. నురగ ముద్దలు గాలికి లేచి ముఖాన పడేవి. ఒక ఆదివారం రేణు మామను అన్నానికి పిలవడానికి డ్యాం లోపలికి వెళ్ళింది. నీళ్ళు తీసిపోయి చదునుగా ఎండిన ఒండ్రు నేల మీద ఆమె, ఆమె చుట్టూ పది బారల పల్చటి నీళ్ళు. చక్రి చాలాసేపు చూసి, మొహమాటపడుతూ దగ్గరికి వచ్చి, కాసేపు అక్కడే నిలబడి ఉంటారా అని అడిగాడు. రేణు సరేనంది. అడిగింది ఏమిటో కూడా ఆమె సరిగ్గా వినలేదు. ఎక్కడ నిలబడినా ఒకటే అన్నట్టుండేది ఆమెకు అప్పట్లో. అతను ఒక పక్కనుంచి పరిగెత్తి వచ్చి, ఆమె ముందునుంచి జారిపోయి, నీళ్ళు అయిపోయిన చోట ఎండు నేల తగిలి బోర్లా పడ్డాడు. లేచి నవ్వుకుంటూ మళ్ళీ వచ్చాడు. పోయే ముందు దోసిట్లో కొంచెం తీసుకుని రుచి చూశాడు. ఉప్పగా ఉంటాయేమో అనుకున్నాడట. తియ్యటి నీళ్ళే.

అలా ప్రతి ఆదివారం ఒక గంట ఆమె వెళ్ళి నిలబడేది.

ఉగాది దాటిన వారంలో చంద్రు ఫోన్ చేశాడు. అమ్మ తిండి తగ్గించేసిందని, మాటలు కూడా తగ్గాయని చెప్పాడు. "దినామూ ఒకటే అడుగుతాది, రేణు యాడుంది అని. వస్తాంది, దోవలో ఉంది అని చెప్తా ఉన్నాను" అన్నాడు. ఫోన్ పెట్టేసి రేణు గులాబీ మడుల మధ్య చాలాసేపు ఉండిపోయింది. పక్క వరసలో కోసే ఇంకొకామె రబ్బరు బూట్ల చప్పుడు చేసుకుంటూ వచ్చి, రేణు బుట్ట నింపి పెట్టింది.

ఆ ఆదివారం చక్రి పలక తీసుకుని వస్తే ఆమె నడిమధ్యన నిలబడలేదు.

"చక్రీ, ఇది నాకు నేర్పప్పా" అంది.

"మీకెందుకక్కా? పడితే నడుం పోద్ది."

"నిలబడకుండా నీళ్ళ మీద పోయేది ఇదొక్కటే నేను చూసినాను."

ఆమె మోరీ మలుపు సంగతంతా చెప్పింది. ఆ రోజు యతీశ్‌కు తనే ఫోన్ చేసిన సంగతి కూడా చెప్పింది, అది మామకు తప్ప ఎవరికీ చెప్పింది కాదు. చక్రి విని, పలకను ఆమె చేతికిచ్చాడు.

అతను నేర్పింది కొంచెమే. పలకను విసరకూడదు, పరిగెత్తుతూనే నీళ్ళ మీద బల్లపరుపుగా జార్చాలి. దాని వెంట రెండడుగులు పరిగెత్తి ఎక్కాలి. "దూకకండక్కా. దూకితే పలక ముందుకు పోద్ది, మీరు వెనక్కి పోతారు. మెట్టు ఎక్కినట్టు ఎక్కండి" అనేవాడు. మోకాళ్ళు వంచాలి. బరువు వెనక పడితే పలక జారిపోతుంది, ముందు పడితే ముక్కు నీళ్ళలో దిగబడుతుంది. ఇవన్నీ వినడానికి తేలిగ్గానే ఉన్నాయి. మొదటి రోజు ఆమె పద్దెనిమిది సార్లు పడింది. వేలెడు నీళ్ళ కింద నేల రాయిలా ఉండేది.

చీరతో కుదరక యతీశ్ పాత ప్యాంటు వేసుకుని, పైన పొలం పనికి వేసుకునే అతని చొక్కానే తొడుక్కుంది. సాయంత్రాలు వ్యాను దిగగానే డ్యాంలోకి పోయేది. రెండేళ్ళుగా ఆమె నీళ్ళను చూసి ఎవరూ ఏమీ అనలేదు గానీ, మొగుడు పోయిన మనిషి ప్యాంటు వేసుకుని అడ్డదిడ్డంగా పరిగెత్తుతుంటే మాత్రం గట్టు మీద నిలబడి చూశారు, అన్నారు. ఆ మాటలు ఆంజప్ప చెవిన కూడా పడ్డాయి. అతను గొర్రెలను డ్యాంలోకే తోలుకొచ్చి, ఆమె పడి లేచే మధ్యలో తాగించుకునేవాడు. మూడో రోజు రాగి గిన్నెలో నువ్వుల నూనె వెచ్చబెట్టి తెచ్చి ఉదయశ్రీ చేతికిచ్చి, మీ అమ్మ తుంటికి రాయమని చెప్పి బయటికి పోయాడు.

ఎక్కడం వచ్చేసరికి రెండు వారాలు పట్టింది. ఎక్కి నిలబడగలిగినాక ఇంకో ఇబ్బంది వచ్చింది. చక్రికి నీళ్ళు అయిపోతే ఆట అయిపోయేది. ఆమెకు అయిపోవు. ఆమె ఎంత దూరం జారితే నీళ్ళూ అంత దూరం వచ్చేవి. వేగం తగ్గేదాకా పోతూనే ఉండాలి. భయం వేసి కాళ్ళ వంక చూసేది. చూసిన ప్రతిసారీ పడింది.

"ఎటు పోవాలో అటు చూడండక్కా. కిందకి చూశారా, కిందకే పోతారు."

"కింద ఏముందో చూడకుండా ఎట్లప్పా?"

"ఏటుంటది, నేలే."

మూడో వారం చివర చంద్రు మళ్ళీ ఫోన్ చేశాడు. గంజి కూడా మింగడం లేదన్నాడు. అప్పటికి రేణు మూడుసార్లకు ఒకసారి ఇంకా పడుతూనే ఉంది. మరునాడు పొద్దున పోతానని చెప్పింది. చక్రి షిఫ్టు మార్చుకున్నాడు.

ఆ సాయంత్రం గొర్రెలు తాగుతుంటే ఆంజప్ప గడప పక్కన కూర్చున్నాడు. తను కూడా ఈ రెండేళ్ళలో ఆ మలుపు దిక్కు పోలేదన్నాడు.

"నువ్వు రమ్మన్నావు, వాడు వచ్చినాడు. పెండ్లాము రమ్మంటే వచ్చేది ఉండేదే కదమ్మా" అన్నాడు. మళ్ళీ, "నా కొడుకే కదా వాడు. నీకు ఈ నీళ్ళన్నా వచ్చినాయి. నాకు ఏమీ రాలేదు" అన్నాడు.

గొర్రెలు తాగడం అయిపోయినా రేణు గడప మీదనుంచి లేవలేదు.

పొద్దున బస్సులో తళి దాకా వెళ్ళి, అక్కడినుంచి ఆటోలో మలుపుకు ఒక ఫర్లాంగు ఇవతల దిగారు. ఎనిమిది గంటలు. రోడ్డుకు రెండు పక్కలా అడవి. అక్కడినుంచి మోరీ దాకా కొంచెం దిగుడు, మోరీ దగ్గర ఎడమకు మలుపు, తర్వాత తారు రోడ్డు మళ్ళీ చదునుగా పోతుంది. చక్రి ముందు నడిచి వెళ్ళి, రోడ్డు మీద రాళ్ళు ఏరి పక్కన పడేసి, మలుపు అవతల ఒక కానుగ చెట్టు కింద నిలబడ్డాడు. అతను చెప్పింది ఆమెకు గుర్తుంది. చెట్టునే చూడాలి.

మొదటిసారి పలక ముక్కు దిగబడి మోకాళ్ళ మీద పడింది. లేచి, వెనక్కి నడిచి, మళ్ళీ పరిగెత్తింది. పలకను జార్చింది. రెండడుగులు. ఎక్కింది.

దిగుడులో పలక వేగం అందుకుంది. మోరీ దగ్గరికి రాగానే కింద నీళ్ళ చప్పుడు మారింది. అప్పటిదాకా గరగరమని నేలను రాసుకుంటున్న చప్పుడు, ఒక్కసారిగా లేకుండా పోయింది. లోతు వచ్చిందని తెలిసింది ఆమెకు. పలక మెత్తగా, బరువుగా ఊగింది. రెండు పక్కలా చెట్ల మొదళ్ళు నీళ్ళలో ఉన్నట్టు కంటి చివర కనిపించింది. యతీశ్ పడిన చోటు కుడివైపున, మోరీ గోడకు ఇవతల. ఆమె దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. శవాన్ని ఇంటికి తెచ్చిన రోజు, పుట్టింటినుంచి ఈ దారినే కారులో వస్తూ ఆమె ముఖం కప్పుకుని ఉంది. తర్వాత మూడుసార్లూ నీళ్ళే అడ్డం. ఇప్పుడు అది పక్కనే ఉంది, కళ్ళు కొంచెం దించితే చాలు. కళ్ళు దించాలనే అనుకుంది. చెట్టునే చూసింది. దాని కింద నీలం చొక్కా వేసుకుని చేతులు కట్టుకుని నిలబడిన చక్రినే చూసింది. పలక మలుపు తిరిగి, చప్పుడు మళ్ళీ గరగరమని, కానుగ చెట్టు దాటి నలభై అడుగులు పోయి ఆగింది.

రేణు రోడ్డు మీద కూర్చుండిపోయింది. చుట్టూ వేలెడు నీళ్ళే. చక్రి మోరీ ఇవతలికి వెళ్ళి ఆమె సంచి, చెప్పులు తెచ్చి పక్కన పెట్టాడు.

"చూడనే లేదప్పా" అంది ఆమె.

"చూస్తే పడిపోదురక్కా" అన్నాడు. జవళగిరి బస్సు వస్తే ఎక్కించి, తను తిరిగి షిఫ్టుకు పోయాడు.

పాపక్క అరుగు మీద మంచంలో గోడవైపు తిరిగి ఉంది. మనిషి సగమైపోయింది. రేణు వచ్చి పక్కన కూర్చుంటే నీళ్ళు మంచం కిందికి పరుచుకున్నాయి. చల్లదనానికో ఏమో ముసలామె ఇటు తిరిగింది. చెయ్యి కిందికి జార్చి నీళ్ళలో వేళ్ళు ఆడించింది.

"వచ్చినావా?"

"వచ్చినానమ్మా."

"దోవలో ఉండావని చెప్పిరి. ఇన్ని దినాలా దోవ?"

రేణు అవునంది. పాపక్క చాలాసేపు నీళ్ళలో చెయ్యి పెట్టుకునే ఉంది. కూతురి కాళ్ళను చూసింది, నాని తెల్లబడి, వేళ్ళ సందులు చిట్లిపోయిన కాళ్ళను.

"ఎన్ని దినాలని మోస్తావు దీన్ని? ఈడ పెట్టిపో" అంది.

నాలుగు రోజులు ఉంది పాపక్క. రేణు చెంచాతో గంజి పోస్తే మింగింది. తల దువ్వించుకుంది. చంద్రు పెండ్లాము చెప్పిన ఏదో మాటకు ఒకసారి నవ్వింది కూడా. నాలుగో రోజు పొద్దున రేణు అరుగు కింద వేసుకున్న బల్ల మీద నిద్రలేచి, కాళ్ళు నేల మీద పెడితే నేల గరుకుగా తగిలింది. నీళ్ళు మంచం కింద, మంచమంత మేరే గుండ్రంగా నిలిచి ఉన్నాయి. పాపక్క చెయ్యి అందులోకి వేలాడుతూ ఉంది. రేణు ఆ చెయ్యి పట్టుకుని పైకి తీసి, కొంగుతో తుడిచింది. తర్వాత చంద్రును పిలిచింది.

పాపక్కను పొలానికి మోసుకుపోతుంటే నీళ్ళు మోసేవాళ్ళ కాళ్ళ కింద వెళ్ళాయి. గుంటలో దించినాక ఆమెతోపాటు దిగాయి. ఎండాకాలపు మట్టి కాసేపట్లోనే తాగేసింది. రేణు గట్టు మీద నిలబడి చూసింది. తన చుట్టూ మళ్ళీ వస్తాయేమోనని నేల చూసుకుంది. గుంట పూడ్చి అందరూ కదిలిన తర్వాత కూడా కాసేపు నిలబడింది.

ఆంజప్ప ఉదయశ్రీని తీసుకుని ఆ మధ్యాహ్నమే బస్సులో వచ్చాడు. మూడో దినం అయినాక ముగ్గురూ బయల్దేరారు. రేణు చెప్పులు వదులైపోయాయి, రెండేళ్ళుగా ఉబ్బి ఉన్న కాళ్ళు తగ్గిపోయి. పలకను చంద్రు పెండ్లాము నీళ్ళ డ్రమ్ము మీద మూతగా వేసుకుంది. చక్రికి ఇంకొకటి చేసుకోవడం వచ్చులే అనుకుంది రేణు. చేసుకున్నా, జారడానికి అతనికి ఇక కెలవరపల్లిలో ఏమీ లేదు.

బస్సులో జనం పల్చగా ఉన్నారు. నేల మీద కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. ఆంజప్ప కిటికీ పక్కన, రేణు ఇటు చివర, ఇద్దరి మధ్యన పిల్ల. గొర్రెలకు రేపటినుంచి నీళ్ళు యాడ తాపించేది అని రేణు అడిగింది. సగం అమ్మేస్తానన్నాడు ఆంజప్ప. మిగతావాటికి బోరు ఉన్నవాళ్ళను అడగాలన్నాడు. పాలీహౌస్‌లో వారం సెలవు పెట్టినందుకు ఏమంటారో, ఇప్పుడు కట్టలు కట్టే షెడ్డులోకి మారుస్తారేమో అనుకుంది ఆమె. పిల్ల జడ ఊడిపోయి ఉంది. మూడు రోజులుగా ఎవరూ దువ్వలేదు. దాన్ని తనవైపు తిప్పుకుని, చిక్కు తీసి, పాయలు చేసి అల్లడం మొదలుపెట్టింది.

కండక్టరు తళి, తళి అని అరిచాడు.

రేణు తలెత్తింది. బయట అంగళ్ళు, అరటిపండ్ల బండి, స్టాండులో తిరుగుతున్న ఇంకో బస్సు.

"మామా, మోరీ మలుపు?" అంది.

"అప్పుడే దాటినామమ్మా."

ఆంజప్ప కిటికీ ఊచను రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అతను చూశాడని ఆమెకు అర్థమైంది.

"చెప్పి ఉండచ్చు కదా" అంది.

"నువ్వు పాపకు జడ వేస్తా ఉంటివి. పిలిచేదానికి మనసు రాలేదు."

రేణు వెనక్కి తిరిగి చూసింది. వెనక సీట్లు, వెనక అద్దం, అద్దంలో తళి బజారు. బస్సు కదిలింది. పిల్ల తల కొంచెం పక్కకు వాల్చి, గట్టిగా లాగుతున్నావమ్మా అంది. రేణు చేతిలో బిగిసిపోయి ఉన్న పాయలను వదులు చేసింది. కాసేపటికి మిగతా సగం అల్లింది.